ముక్కు కోసం తిరుగుతుంటే, మావాడు ఎలా తింటాడో చూసినవాళ్లు దొరికారు

బెంగళూరు కల్యాణ్ నగర్‌లో మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న ఈ స్పీచ్ థెరపీ క్లినిక్‌కి మేము జులై నుంచి వెళ్తున్నాం. ఇలాంటివి మాటలు ఆలస్యమైన పిల్లల కోసమే అనుకునేదాన్ని. మావాడికి ఏడేళ్లు, మాటకేం తక్కువ లేదు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు, మూడూ గడగడా మాట్లాడతాడు. వాడి కష్టమంతా తిండి దగ్గరే. పిల్లల తిండి గురించి రోజూ బాధపడే తల్లులు నాలాగే చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను, పెద్దదైతే ఏమనుకోకండి.

వాడు నోటితో గాలి పీలుస్తాడు. పుట్టినప్పటి నుంచీ కాదు, మూడేళ్లప్పుడు రామ్మూర్తి నగర్‌లోని ఈ ఇంటికి మారాక మొదలైందని నా లెక్క. ఎదురుగా ఖాళీ సైటు, దాని నిండా వయ్యారిభామ మొక్కలు, పక్కన ఎప్పుడూ ఏదో ఒక అపార్ట్‌మెంట్ కడుతూనే ఉంటారు, ఆ దుమ్మంతా మా ఇంట్లోకే. పొద్దున లేస్తే వరుసగా పది తుమ్ములు. రాత్రి నోరు తెరుచుకుని గురక, దిండు మీద చొంగ మరక, పెదాలు ఎండిపోయి పగుళ్లు. ఇది ముక్కు గొడవ అనుకున్నాం, తిండి గొడవ వేరే అనుకున్నాం. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని రెండేళ్లపాటు మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

తిండి గొడవ ఎలా ఉండేదంటే, చపాతీ ముక్క నోట్లో పెట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ కూర్చునేవాడు, మధ్యలో ఆగి నోరు తెరిచి గాలి పీల్చుకునేవాడు, మళ్లీ తిప్పేవాడు, చివరికి నీళ్లతో గుటుక్కున మింగేసేవాడు. జామకాయ, మాంసం ముక్క లాంటివి కాసేపు నోట్లో ఉంచుకుని తీసి పళ్లెం అంచున పెట్టేవాడు. బడి నుంచి డబ్బా సగం వెనక్కి వచ్చేది. అదే రాగి సంగటి అయితే మాత్రం చకచకా తినేవాడు. మాది అనంతపురం వైపు, ఇంట్లో వారానికి మూడుసార్లైనా సంగటి ఉంటుంది, పప్పులో అద్దుకుని ముద్ద తర్వాత ముద్ద లోపలికి పంపించేవాడు. "నా మనవడు సంగటి తింటా ఉంటే చూడాల" అని మా అమ్మ ఊరంతా చెప్పుకునేది. ఆకలి లేకపోతే సంగటి ఎలా తింటాడు, మిగతావి కావాలనే మొండికేస్తున్నాడు అని నేను గట్టిగా నమ్మాను. అరిచాను, రెండుసార్లు కొట్టాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

డాక్టర్లకి చూపించలేదని కాదు. ఒకచోట ఆకలి పుట్టడానికి సిరప్ రాశారు. ఇంకోచోట బరువు చూసి "బానే ఉన్నాడు కదమ్మా, మీరే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు" అన్నారు. అందరూ ఏం తింటాడు, ఎంత తింటాడు అని అడిగారు. వాడు తినేటప్పుడు ఎవరూ చూడలేదు.

ఈ జూన్‌లో చెవినొప్పి వచ్చి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే అక్కడ పక్క నుంచి ఎక్స్‌రే తీసి, ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే అడినాయిడ్ అనే కండ బాగా పెరిగి దారి మూసేస్తోందని చూపించారు. అది చిన్న పిల్లలందరికీ ఉండేదేనట, బడికెళ్లే తొలి ఏళ్లలో పెద్దగా ఉండి తర్వాత తర్వాత చిన్నదైపోతుందట, కానీ మావాడికి దానికి తోడు అలర్జీ కూడా ఉండటంతో లోపలి పొర వాచి ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. మూడు నెలలు ముక్కులో కొట్టే స్ప్రే వాడి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ మాట ఆలోచిద్దాం అన్నారు. బయటికి వచ్చేస్తుంటే నేను మాటవరసకి తిండి సంగతి చెప్పాను. ఆయన చీటీ వెనక్కి తీసుకుని ఇంకో లైను రాశారు, నమలడం ఒకసారి అసెస్ చేయించండి అని. అలా వచ్చాం ఇక్కడికి.

అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్‌లో మూడు తిండి పదార్థాలు తెమ్మన్నారు: వాడు రోజూ ఇష్టంగా తినేది ఒకటి, వద్దనేది ఒకటి, మామూలు మేరీ బిస్కెట్ ప్యాకెట్ ఒకటి. అక్కడే నాకు సగం నమ్మకం వచ్చింది. సంగటి, నిప్పట్టు (కరకరలాడే బియ్యప్పిండి చెక్క), బిస్కెట్లు పట్టుకుని వెళ్లాం. థెరపిస్టు చిత్తూరు జిల్లా అమ్మాయి, తెలుగులోనే మాట్లాడింది, నన్ను అక్కా అంది, వాణ్ణి నాన్నా అని పిలిచింది. వాడు డాక్టరాంటీ అంటే "నేను డాక్టర్ని కాదు నాన్నా, నువ్వు ఎలా తింటావో చూసే ఆంటీని" అంది. గోడ మీద స్పీచ్ థెరపిస్టులని నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ వారి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, ఎక్కడికి వెళ్లినా అది ఒకసారి చూసుకోండి.

మొదట ముక్కు చూసింది. చల్లటి చిన్న లోహపు పలక ముక్కు కింద పెట్టి నోరు మూసుకుని గాలి వదలమంది, పలక మీద రెండు మసక మచ్చలు పడ్డాయి, ఎడమది కుడిదాంట్లో సగం కూడా లేదు. తర్వాత ఒక గుక్క నీళ్లు నోట్లో పట్టుకుని మింగకుండా, ముక్కుతోనే గాలి పీలుస్తూ మూడు నిమిషాలు కూర్చోమంది. అప్పటికి స్ప్రే మొదలుపెట్టి నాలుగు వారాలైంది. 50 సెకన్లు దాటేసరికి వాడి కళ్లు పెద్దవైపోయాయి, నా వైపు చూశాడు, గబుక్కున మింగేశాడు. "పర్లేదు నాన్నా, చాలా సేపు ఉన్నావు" అని వీపు తట్టింది. బడిలో, ఇంట్లో నోరు మూసుకో, నోరు మూసుకో అని వాణ్ణి ఎన్నిసార్లు అన్నామో నాకే తెలుసు. మూసుకుంటే వాడికి ఎలా ఉంటుందో ఆ 50 సెకన్లలో చూశాను.

ఇక అసలు పని. కుర్చీ ముందు స్టూలు వేసి పాదాలు ఆనేలా కూర్చోబెట్టింది, కాళ్లు వేలాడుతుంటే పిల్లలు సరిగా నమలరట. వాడి ముఖం ఎత్తులో ఫోన్ స్టాండు మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేసింది. నన్ను వెనక కూర్చోమని, "అక్కా, ఒక్క మాట కూడా అనొద్దు, బాగా నములు అని కూడా అనొద్దు" అంది. బిస్కెట్ ఇచ్చి, ఇంట్లో తిన్నట్టు తిను అని మాత్రం చెప్పింది. అది నాకు కష్టంగానే ఉంది, వాడి నోరు ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేసే అలవాటు నాది. ఒక్క బిస్కెట్‌కి 2 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నాలుగుసార్లు నీళ్లడిగాడు.

తర్వాత ఆ వీడియో నా పక్కన కూర్చుని నెమ్మదిగా నడిపించి చూపించింది. ఏడేళ్లుగా నా చేత్తో అన్నం పెడుతున్న బిడ్డ, ఇందులో ఒక్కటీ నేను ఎప్పుడూ చూడలేదు. బిస్కెట్‌ని ముందు పళ్లతో కొరకడు, పక్కకి తిప్పి దవడ పళ్లతో విరుస్తాడు. ఆరేడుసార్లు నములుతాడు, పెదాలు తెరుచుకుంటాయి, భుజాలు కొంచెం పైకి లేస్తాయి, గాలి లోపలికి వెళ్తుంది, దవడ ఆగిపోతుంది. మళ్లీ ఆరేడు. మింగేటప్పుడు కింది పెదవి బలవంతంగా పైకి నెట్టుకుంటాడు, అప్పుడు గడ్డం మీద చర్మం నారింజ తొక్కలాగా గుంటలు గుంటలు పడుతుంది. దాన్ని వేలితో చూపించి, "చూడండక్కా, పెదాలు మామూలుగా కలవట్లేదు, గడ్డం కండరంతో తోస్తున్నాడు" అంది. నమలడం దాదాపు అంతా కుడివైపే. పళ్లు గట్టిగా బిగించమని రెండు చెంపల మీద చేతులు పెట్టి చూసి, నా చేతులు కూడా పెట్టించింది. కుడివైపు దవడ కండరం వేళ్లకి గట్టిగా తగిలింది, ఎడమవైపు తగిలీ తగలనట్టుంది.

అప్పుడు చెప్పింది. మనం ముక్కుతో గాలి పీలుస్తూ నోరు మూసుకుని నములుతాం. ముక్కు మూసుకుపోయిన పిల్లాడికి గాలికీ తిండికీ ఉన్నది ఆ నోరొక్కటే, ముద్ద నోట్లో ఉన్నంతసేపూ ఊపిరి ఆపుకోవాలి లేదా నమలడం ఆపాలి. కొందరు పిల్లలు అందుకే గబగబా నాలుగు నములు నమిలి పెద్ద ముక్కలే మింగేస్తారు, కొందరు మావాడిలా ఆగి ఆగి గంట తింటారు, నీళ్లతో దింపుకుంటారు, మెత్తటివే ఏరుకుంటారు. తొందరగా తినడం, నెమ్మదిగా తినడం ఒక్కదాన్ని బట్టి ఏమీ చెప్పలేమట, దవడ ఎలా కదులుతోంది, పెదాలు మూసుకుంటున్నాయా, రెండువైపులా మార్చి మార్చి నములుతున్నాడా, అన్నీ కలిపి చూడాలట. నేను సంగటి మాట ఎత్తాను, మరి అది అంత బాగా తింటాడే అని. తను నవ్వి, "సంగటి నమలరు కదక్కా, మింగుతారు" అంది. నాకు నోట మాట రాలేదు. మా వైపు సంగటి నమిలితే పెద్దవాళ్లు ఊరుకోరు, ముద్దకి ముద్ద జారిపోవాలంటారు. ఆ పూట ఒక్కదానికే వాడికి ఊపిరి ఆపుకునే పని లేదు. నేను ఆకలి అనుకున్నది అది.

వాడు తినేది చూస్తూ వాళ్లు మార్కులు నింపిన పట్టిక గురించి కూడా అడిగాను, నాకు ఇలాంటివి తెలుసుకోవాలని ఉంటుంది. ఈ పని మీద బ్రెజిల్ స్పీచ్ థెరపిస్టులు చాలా కృషి చేశారట. అక్కడ ఫెలీసియో, ఫెరేరా అనే ఇద్దరు 2008లో ప్రచురించిన పద్ధతి ఒకటి ఉంది, ముఖం, పెదాలు, నాలుక, ఊపిరి, మింగడం, నమలడం, దేనికదే మార్కులు. నమలడంలో రెండువైపులా మార్చి నమిలితే ఎక్కువ మార్కులు, ఒకే వైపైతే తక్కువ, ముందు పళ్లతోనే నలిపితే ఇంకా తక్కువ. కొరకడానికీ విడిగా ఉంది, ముందు పళ్లతో కొరికితే మంచిది. వాళ్లు క్రీమ్ బిస్కెట్ ఇస్తారట, ఈ అమ్మాయి మేరీ బిస్కెట్‌తో పాటు ఇంటి తిండి కూడా పెట్టి చూస్తుంది, ఎందుకంటే ఇంట్లో సంగతి ఇంటి తిండితోనే తెలుస్తుంది. నిప్పట్టు ఇచ్చినప్పుడు మావాడు ఒక అంచు కొరికి, కాసేపు చప్పరించి, నాకు తెచ్చి ఇచ్చేశాడు. అదీ రాసుకుంది.

ఆ రోజుకి తీర్పు చెప్పలేదు, అది నాకు బాగా నచ్చింది. కొత్త చోట, కెమెరా ముందు పిల్లలు వేరుగా తింటారు, వారం తర్వాత ఇంకోసారి చూస్తాను, ఈలోపు ఇంట్లో రెండు పూటలు వాడికి తెలియకుండా వీడియో తీయండి అంది. ఒకేవైపు నమలడానికి ముక్కే కారణం కానక్కర్లేదు, పుచ్చు పన్ను ఉన్నా పిల్లలు ఆ వైపు వాడరు, పళ్ల డాక్టర్‌కి ముందుగా చూపించమంది. చూపిస్తే ఎడమవైపు కింది దవడ పన్ను లోపల పుచ్చి ఉంది. నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉండేవాళ్లకి పళ్లు త్వరగా పాడవుతాయని ఆ డాక్టర్ కూడా అన్నారు, అంగిలి సన్నగా, ఎత్తుగా ఉందని, పళ్ల వరుస మీద ఏడాదికోసారి కన్నేసి ఉంచమన్నారు. పన్నుకి ఫిల్లింగ్ అయ్యాక రెండో అసెస్‌మెంట్‌లో ఎడమవైపు కూడా కొంచెం నమిలాడు. అంటే కొంత ముక్కు వల్ల, కొంత పన్ను వల్ల. మొదటి రోజే అంతా ముక్కు మీదికి తోసేసి థెరపీ మొదలుపెట్టి ఉంటే ఆ పన్ను అలాగే ఉండేది.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. ముక్కు తెరుచుకోకుండా పెదాలు మూయించే వ్యాయామాలు, గట్టివి నమిలించే వ్యాయామాలు చేయించనని ముందే చెప్పింది. ఊపిరాడని పిల్లాడి చేత నోరు మూయించి నమిలిస్తే పొలమారుతుంది, తిండి అంటేనే భయం పట్టుకుంటుంది అంది. అందుకని ఆగస్టు అంతా స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడగడం, పరుపుకి దుమ్ము పట్టని కవరు, కిటికీలకి తడి గుడ్డ, ఇవే. రాత్రిపూట నోటికి టేపు అంటించే వీడియోలు మా ఆయన ఎక్కడో చూసి అడిగారు. పిల్లలకి అసలు వద్దని గట్టిగా చెప్పింది, ముక్కు మూసుకుపోయి ఉన్నప్పుడు మిగిలిన దారి కూడా మూసినట్టవుతుందని. ఏ రబ్బరు వస్తువూ, ఏ కిట్టూ మాకు అమ్మలేదు.

సెప్టెంబర్ నుంచి థెరపీ, ఆరు సెషన్లు. పెద్ద పెద్ద పనులేం కాదు. అద్దం ముందు కూర్చుని చిన్న ముక్క కుడివైపు పెట్టుకుని పది, ఎడమవైపు పెట్టుకుని పది. నీళ్ల గ్లాసు తినేటప్పుడు చేతికందేంత దూరంలో కాకుండా బల్ల చివర. టీవీ లేదు. గట్టిదనం మెట్టుమెట్టుగా పెంచాలి, ముందు మెత్తటి చపాతీ, తర్వాత జొన్నరొట్టె మధ్య భాగం, ఆ తర్వాత అంచు. పల్లీల్లాంటివి ఊరికే చిన్నపిల్లల చేతిలో పెట్టొద్దని, మావాడికి కూడా పక్కన కూర్చునే పెట్టమని చెప్పింది. రోజూ పది నిమిషాలే కానీ ఇద్దరం ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆ పది నిమిషాలు దొరకడం మాటలు కాదు. మేము వారంలో ఐదు రోజులకి మించి చేయలేకపోయాం, అదీ తనకి నిజమే చెప్పాం.

బాగోలేనివి కూడా చెప్తాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇబ్బంది. శనివారం ఇచ్చిన టైముకి 50 నిమిషాలు ఆలస్యంగా పిలిచారు, ఆకలితో ఉన్న పిల్లాడు ఆ లోపల నీరసపడిపోతాడు, నమలడం చూడాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు. రిపోర్టుకి తొమ్మిది రోజులు పట్టింది, వచ్చాక నాలుగు పేజీలూ పొడి అక్షరాల ఇంగ్లీషు, నేను ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయే పావుగంట ఓపిగ్గా తెలుగులో చెప్పింది కానీ, అందరూ అడగలేరు కదా. కన్నడలోనో తెలుగులోనో ఒక పేజీ రాసిస్తే బడిలో టీచర్‌కి కూడా చూపించుకోవచ్చు. అసెస్‌మెంట్ రెండుసార్లకీ కలిపి 1,800, థెరపీ సెషన్‌కి 900. మాకు ఇన్సూరెన్స్‌లో రాలేదు. ఇంత పెట్టుకోలేనివాళ్లు మైసూరులో కేంద్ర ప్రభుత్వం నడిపే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, అక్కడ కనుక్కోమని వాళ్లే చెప్తున్నారు, నా ముందే ఒక కుటుంబానికి దారి చెప్పారు.

ఆపరేషన్ ఊసు ప్రస్తుతానికి లేదు, స్ప్రేకి బాగానే తగ్గింది, జనవరిలో మళ్లీ చూస్తామన్నారు. అందరి పిల్లలకీ స్ప్రేతోనే తగ్గుతుందని నేను చెప్పడం లేదు, మా పక్కింటి పాపకి ఆపరేషనే చేయాల్సి వచ్చింది, అది మీ ఈఎన్‌టీ చెప్పాలి. తుమ్ములు ఇంకా ఉన్నాయి. అలిసిపోయినప్పుడు, టీవీ ముందు ఉన్నప్పుడు నోరు మళ్లీ తెరుచుకుంటుంది, ముక్కు బాగైనా పాత అలవాటు కొన్నాళ్లు ఉంటుందట.

అక్టోబర్‌లో అదే కుర్చీ, అదే స్టూలు, అదే బిస్కెట్. నీళ్లు నోట్లో పట్టుకుని మూడు నిమిషాలు పూర్తిగా ఉన్నాడు, గడియారం వైపు చూస్తూ కాళ్లాడిస్తూ కూర్చున్నాడు. బిస్కెట్ 70 సెకన్లలో అయింది, నీళ్లు అడగలేదు. ఇప్పటికీ కుడివైపే ఎక్కువ, కానీ మధ్యలో ముక్క ఎడమకి వెళ్లడం వీడియోలో తెలుస్తోంది. నిప్పట్టు సగం తిని మిగతా సగం ఆ అమ్మాయికి ఇచ్చాడు, తినలేక కాదు, పంచుకోవాలని. దసరాకి ఊరెళ్లినప్పుడు మా అమ్మకి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత వాణ్ణి దగ్గరికి తీసుకుని జొన్నరొట్టె అంచు తుంచి నోట్లో పెట్టి, వాడు నమిలేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

సంక్రాంతి అయ్యాక మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఏం తెచ్చుకుంటావు నాన్నా అని ఆ అమ్మాయి అడిగితే, అవ్వ చేసే చెనక్కాయ ఉండలు అన్నాడు.